గింజపత్తి కూరిన స్పీకరు

యలమందయ్యకు సొంత ఇంట్లో అన్నం సయించక మూడు రోజులైంది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి కంపు కొడుతోంది. ఏదో చచ్చిన కంపు, దానిమీద ఉచ్చ కంపు. వాకిట్లో కాలువ అన్నాడు, పక్కింటి గొడ్లచావిడి అన్నాడు, చివరికి భార్య వండిన ఎండుచేపల మీదికి తోశాడు.

"చేపలొండి నెల దాటింది. ముందా పెట్టె విప్పి చూడండి," అంది సామ్రాజ్యం, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ మాటే అతనికి గిట్టదు. ఆ పెట్టె అతను చేతులారా చేసిన స్పీకరు. ఊరికి కరెంటు వచ్చిన రెండో ఏడే ఇంట్లో రేడియో పెట్టాడు గానీ, తల్లి పేరమ్మకు చెవులు మందగించి హరికథ అందడం మానేసింది. ఆవిడకు ఉన్న ఒక్క సరదా అదే. అందుకని గుంటూరులో రేడియోలు బాగుచేసే అబ్దుల్ ఖాదర్ దగ్గర పళ్ళెమంత స్పీకరు కొని, మామిడి చెక్కలు కోసి, మేకులతో పాటు వేలు కూడా చితక్కొట్టుకుని పెట్టె తయారుచేశాడు. లోపల శుభ్రంగా ఏకిన దూది కూరమని, లేకపోతే శబ్దం డొల్లగా వస్తుందని ఖాదర్ మరీ మరీ చెప్పాడు.

పత్తి పండించేవాడు బజార్లో దూది కొనడమా? నలుగురూ నవ్విపోరూ? అటక మీది పత్తిని గింజలతో సహా దించి కుక్కాడు మహానుభావుడు. తీగలకని వెనక బెజ్జం చెయ్యి పట్టేంత కోశాడు. అయినా మొదటిరోజు బెజవాడ స్టేషన్ పెట్టగానే పేరమ్మ మంచం మీద లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంది. అప్పట్నుంచీ రోజూ ఎవరో ఒకరిని పిలుచుకొచ్చి, హరికథ వింటున్న తల్లిని చూపించి గొప్పలు చెప్పుకున్నాడు. ఈమధ్య స్పీకరు గొంతు బొంగురుపోతే స్టేషన్ లోపమని తేల్చేశాడు.

నాలుగోనాడు వాంతి అయ్యాక, ఇక విధిలేక పెట్టెను పెరట్లోకి ఈడ్చి వెనక చెక్క ఊడదీశాడు.

పత్తి అన్నది లేదు. ఉచ్చకు ముద్దకట్టిన పచ్చటి ఉండలు, కొరికిన గింజల తొక్కు, చచ్చిపడిన ఎలుకపిల్లలు, అడుగున ఉబ్బి పురుగులు పట్టిన పెద్దెలుక. శబ్దం పలికించే స్పీకరు కాగితాన్ని అంచంతా కొరికేశాయి. ఇంకా బతికున్నది ఒకటి అతని మోచేతి మీదుగా పాకి గోడ దూకింది. యలమందయ్య చెయ్యి విదిలించి వెనక్కి గెంతాడు. ఎలుకలకు తిండి పెట్టి, పరుపు పరిచి, వాకిలి తెరిచింది తనే.

చేతులు మూడుసార్లు కడుక్కుని, తల్లి పక్కన కూర్చుని చెవిలో గట్టిగా చెప్పాడు.

"అమ్మా, స్పీకరు చెడింది. ఎలుకలు కొరికేసినయ్. బాగు చేయిస్తాలే."

పేరమ్మ లేచి కూర్చుంది.

"ఎలుకలా? పది రోజుల్నుంచీ ఒక్క ముక్క అర్థం కాక, ఉన్న కాస్త చెవులూ పోయినయ్యనుకున్నానురా. అంత కష్టపడి చేశావని, నువ్వు మనుషుల్ని తెచ్చినప్పుడల్లా ఊరికే తలాడిస్తన్నా."

దీని ముందు ఎలుకల్ని చూసినప్పటి రోత ఏపాటిది? తన మీద తనకు పుట్టిన రోతతో యలమందయ్య తల ఎత్తలేకపోయాడు.