గాడోలినియంలో ఎనిమిదో ఎలక్ట్రాన్

జగపతిది గార్లలో భూములున్న కుటుంబం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడి ఏడాది చదువు పోతే, సీనియర్ నోట్సు చూసి రాసుకుని గట్టెక్కాడు. పదేళ్ల తర్వాత మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరయ్యాక కూడా ఆ నోట్సుతోనే పాఠం చెప్పేవాడు.

ఆరోజు పాఠం లాంథనైడ్ మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసం. గాడోలినియం దగ్గర 4f ఆర్బిటాళ్లలో ఎనిమిది ఎలక్ట్రాన్లని బోర్డు మీద రాశాడు.

నెల్లికుదురు దగ్గరి లంబాడా తండా నుంచి వచ్చే నీలి లేచింది. "సార్, 4fల ఏడేనట గద. ఏడు ఆర్బిటాళ్లల్ల ఒక్కోటుంటే స్థిరంగ ఉంటదని, ఎనిమిదోది 5dలకు పోతదని లైబ్రరీ పుస్తకంల ఉన్నది."

"ఏంది, మీ తండాల గిట్లనే చెప్తరా గాడోలినియం?"

క్లాసంతా నవ్వింది. నీలి కూర్చుంది.

సాయంత్రం జగపతి లైబ్రరీలో ఆ పుస్తకం తెరిచాడు. ఏడే. నాలుగేళ్లుగా అందరికీ తప్పు చెప్పాడు. పుస్తకం మూసినా ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. అయినా మర్నాడు నోరు రాక తర్వాతి పాఠానికి వెళ్లిపోయాడు.

నెలాఖరు పరీక్షలో నీలి పేపరు దిద్దుతుంటే చెయ్యి ఆగింది. అన్నీ సరిగ్గా రాసింది. గాడోలినియానికి మాత్రం ఎనిమిది.

పిలిచి అడిగాడు. "తెలిసి తప్పెందుకు రాసినవ్?"

"మీరు గట్లనే చెప్పిండ్రు గద సార్."

మర్నాడు క్లాసులో ఎనిమిది కొట్టేసి, 5dలో ఒకటి చేర్చాడు. "నీలి చెప్పిందే నిజం. నేను తప్పు చెప్పిన," అన్నాడు. తండా మాట మాత్రం ఎత్తలేదు. నీలి తల వంచుకుని రాసుకుంది. ఆ ఏడాదంతా ఆమె మళ్లీ ఒక్క డౌటు కూడా అడగలేదు.

ఫస్ట్ క్లాసులో పాసై, పై చదువుకు వరంగల్ వెళ్తూ కాండక్ట్ సర్టిఫికెట్ మీద సంతకం కోసం వచ్చింది.

"వరంగల్ల ఏం చదువుతవ్?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సార్."

కలం తీసి ఆగాడు. "ఆరోజు నేనన్న మాట..."

"యాదికున్నది సార్," అంది నీలి మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు.

కోపపడినా బాగుండేదనిపించింది జగపతికి. క్షమించమని అడగాలనుకున్నవాడు, తల ఎత్తకుండానే సంతకం పెట్టి కాగితం ఆమె వైపు జరిపాడు.