షరతుల గడి

మా ముస్లింల పెళ్ళి కాగితంలో షరతులు రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది. కాజీగారు దాని మీద అడ్డగీత ముందే కొట్టేసి తెచ్చారు. ఇదేమిటని అడిగితే, "అందరికీ అలాగే తెస్తానమ్మా, పని తేలికవుతుందని" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇరవై ఏళ్ళుగా కోర్టులో ముస్లిం ఆడవాళ్ళ కేసులు చూస్తున్న వకీలుని నేను. మొగుడు విడాకులివ్వడు, పెద్దలు పలకరు, ఆ ఆడమనిషి మాత్రం కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతూ ఉంటుంది. ఈ ఒక్క గీత వల్ల ఎన్ని కొంపలు మునిగాయో నాకు తెలుసు. ఇవాళ పెళ్ళికూతురు మా అక్క కూతురు, ఆసుపత్రిలో నర్సు. తను రాయమన్నవి రెండే రెండు. ఉద్యోగం మానిపించకూడదు, అవసరమైతే విడాకులు తీసుకునే హక్కు తనకూ ఉండాలి. రెండూ మా మతం ఒప్పుకునేవే. పెళ్ళికొడుకు నెల క్రితమే సరేనన్నాడు కూడా.

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే విడాకుల మాటేంటి? ఆ మీటింగుల్లో నేర్చుకొచ్చి దీని బుర్ర పాడుచేశావు" అన్నాడు పిల్ల తండ్రి, మా బావ.

మీటింగులట! మొన్నటి మహిళా సంఘం మీటింగులో ఈ గడి గురించే చెప్పబోతే, మైకు పట్టుకున్నావిడ "ముందు మీ తలమీది ముసుగు సంగతి చెప్పండి" అంది. నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోయాయి. అక్కడివాళ్ళకి నా తలతో పని, ఇక్కడివాళ్ళకి నా నోరు మూతపడితే చాలు. నేను చెప్పేది వినే తీరిక మాత్రం ఒక్కరికీ లేదు. చెప్పీ చెప్పీ ప్రాణం విసిగిపోయింది.

కాజీగారు ఆ కాగితం పట్టుకుని లోపలి గది గుమ్మం దగ్గరికొచ్చి "ఒప్పుకున్నావా అమ్మా?" అని అడిగారు. పిల్ల ఆ గీతనే చూస్తూ కూర్చుంది. రెండోసారి అడిగారు. మూడోసారీ అడిగారు.

"సిగ్గుపడుతోందండీ. ఆడపిల్ల మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే" అని బావ తేల్చేశాడు. కాజీగారు కలం తీశారు.

"నేను ఒప్పుకోలేదు" అంది పిల్ల. "ఆ రెండూ రాస్తే ఒప్పుకుంటాను."

బావ నా వైపు తిరిగి, "ఏమంటోంది ఇది?" అన్నాడు.

"మీ చెవులకేమైంది బావా? నన్నడుగుతారేం, దాన్నే అడగండి!" అని అరిచాను.

కాజీగారు నిట్టూర్చి ముందుగదిలోకి వెళ్ళి, పెళ్ళికొడుకుని "ఈ షరతులు నీకు సమ్మతమేనా బాబూ?" అని అడిగారు. ఫోనులో అన్నిసార్లు సరేనన్నవాడు తండ్రి మొహం చూసి తల దించుకున్నాడు. రెండోసారి అడిగినా అంతే, మూడోసారీ అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పిల్ల లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మూడుసార్లు అడిగారుగా కాజీగారూ. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనటగా, రాసేయండి. కాదనేవాడైతే ఇప్పుడే నోరు విప్పమనండి."