బ్యాటరీ తాగేస్తున్నదెవరు?

చిన్నకోడలిది పుట్టుకతో వచ్చిన అనుమానం. కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ వైపు చూడదు, తూచేవాడి వేళ్ళ వైపు చూస్తుంది. ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో వెనకాల అందరూ ఆమెను ‘డిటెక్టివ్ మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో కూడా తెలుసు.

అలాంటి మనిషి ఇంట్లో ఇన్వర్టర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు కరెంటు పోతే సాయంత్రమంతా లైట్లూ ఫ్యాన్లూ లాగిన పెట్టె, ఇప్పుడు అన్నం ఉడికేలోపే కుయ్యో మొర్రో అని చేతులెత్తేస్తోంది. మెకానిక్ వచ్చి బ్యాటరీని ఒకసారి తట్టి చూశాడు.

“ముసలిదైపోయిందమ్మా. ఇక మార్చాల్సిందే.”

మార్చారు. కొత్తదీ అంతే. రెండు వారాలు తిరక్కుండానే అదే ఏడుపు.

“పాత బ్యాటరీకే కొత్త స్టిక్కర్ అంటించి ఇచ్చాడండీ వాడు,” అంది భర్తతో.

“సీలు నీ ఎదురుగానే కదా విప్పాడు!”

“విప్పేటప్పుడు నన్ను మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఎందుకు తెమ్మన్నాడంటారు?”

భర్త పేపరు అందుకున్నాడు. ఆమె కొంగు బిగించి తనే దిగింది. బ్యాటరీ మూతలు విప్పి నీళ్ళు చూసింది, సరిగ్గానే ఉన్నాయి. తీగలు బిగించిన చోట తెల్లగా చిలుమేమైనా పట్టిందేమోనని చూసింది, అదీ లేదు. ఇక అనుమానం భర్త మీదికి మళ్ళింది. తను ల్యాబుకు వెళ్ళాక ఈయన టీవీ ముందు కూర్చుంటున్నాడేమో.

“నీ వాలకం చూస్తే నా మూత కూడా విప్పి చూసేలా ఉన్నావు,” అన్నాడాయన పేపరు వెనకనుంచి.

ఇలా ఉండగా ల్యాబులో మరో గొడవ. రక్తం పరీక్షించే మిషన్‌కు ఆధారంగా ఉన్న యూపీఎస్ ఉన్నట్టుండి కీచుమని అరిచి ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా మిషన్‌లో ఉన్న నమూనాలు పాడవుతున్నాయి. పేషెంట్లను మళ్ళీ పిలిచి మళ్ళీ సూది గుచ్చాలి. వాళ్ళు ఊరుకుంటారా?

ఆమె చూపు మొదట రిసెప్షన్ పిల్ల మీద పడింది. ఆ పిల్ల ఫోను ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది. అయితే ఫోనుకు అంత పెట్టె పడిపోతుందా అని తనకే సందేహం వచ్చింది. యూపీఎస్ మీద ఉన్నవన్నీ పీకేసింది. ఒక్కొక్కటే తగిలిస్తూ, దాని ముఖాన ఎన్ని పచ్చ లైట్లు వెలుగుతున్నాయో చూస్తూ పోయింది. ఎన్ని లైట్లుంటే అంత బరువు మోస్తోందన్నమాట. మిషన్ తగిలిస్తే రెండు, కంప్యూటర్ తగిలిస్తే మూడు. చివరికి డాక్టరుగారి గదిలోకి, పరదా వెనక్కి పోయే తీగ తగిలించగానే లైట్లన్నీ ఎర్రబడి పెట్టె కేకేసింది.

పరదా తీసింది. స్టూలు మీద నీళ్ళు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్ బుసబుసా పొగలు కక్కుతోంది.

“టీకి నీళ్ళే కదమ్మా,” అన్నాడు డాక్టరు.

“ఆ నీళ్ళకే సార్, పొద్దుట్నించి ముగ్గురికి రెండోసారి సూది గుచ్చాం.”

డాక్టరు తీగ పీకేశాడు. వేడి పుట్టించే వస్తువేదైనా పెట్టెను పీల్చి పిప్పి చేస్తుందని ఆరోజు ఆమెకు బాగా ఎక్కింది.

ఆ ఆదివారం ఇంట్లోనూ అదే పని పెట్టుకుంది. మెయిన్ స్విచ్ కట్టేసింది. ఇన్వర్టర్ అందుకుంది. గదిగదికీ తిరిగి లైటూ ఫ్యానూ ఫ్రిజ్జూ అన్నీ ఆపేసింది. ఇంట్లో ఏదీ తిరగడంలేదు, ఏదీ వెలగడంలేదు. వచ్చి పెట్టె ముఖం చూస్తే మూడు పచ్చ లైట్లు!

“ఏమండీ, ఇటు రండి. మనమేమీ వాడట్లేదు. మరి ఇది ఎవరి బరువు మోస్తోంది?”

అప్పుడు వినపడింది. గోడ అవతల కుట్టుమిషన్ గరగర.

ఆ గోడ ఒకప్పుడు లేదు. ఇల్లంతా ఒకటే. అత్తగారు పోయాక అన్నదమ్ములు వేరుపడి, హాలు మధ్యలో గోడ కట్టుకున్నారు. అటు బావగారు, పెద్దకోడలు. పంపకాల్లో పట్టింపులొచ్చి అప్పట్నుంచి మాటల్లేవు.

ఆమె ఇన్వర్టర్ ఆపింది. గరగర ఆగింది. “అయ్యో, ఇదేంటి, ఆగిపోయింది!” అని పెద్దకోడలి గొంతు. మళ్ళీ వేసింది. మిషన్ మళ్ళీ గరగరమంది.

భర్త పటకారు కోసం సొరుగు లాగాడు. “తీగ కోసి పారేద్దాం,” అన్నాడు.

“మీరుండండి. ముందు కళ్ళారా చూడాలి.”

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోంచి చుట్టుతిరిగి వెళ్ళి ఆ తలుపు కొట్టింది. పెద్దకోడలు తలుపు తీసి, మెడలో టేపు వేలాడుతుండగా అలాగే నిలబడిపోయింది.

“మీ కుట్టుమిషన్ మా బ్యాటరీ మీద నడుస్తోంది అక్కయ్యా.”

దబాయిస్తుందనుకుంది. పెద్దకోడలు పక్కకు తప్పుకుని దారిచ్చింది. లోపల కుట్టుమిషన్ ఉన్నది ఒకప్పటి అత్తగారి గదిలో. ఆవిడ మంచాన పడ్డప్పుడు కరెంటు పోయినా ఫ్యాను ఆగకూడదని ఆ గదికి ఇన్వర్టర్ లైను ప్రత్యేకంగా వేయించింది చిన్నకోడలే. గోడ కట్టినప్పుడు అన్నీ విడదీసి ఆ ఒక్క తీగ సంగతి మరిచిపోయింది.

“నువ్వే ఉంచావనుకున్నా,” అంది పెద్దకోడలు. “మాటలు తెంచుకున్నావు గానీ తీగ తెంచలేదు. మనసులో ఎక్కడో మేమున్నాంలే అనుకుని ఊరుకున్నా.”

చిన్నకోడలు చూపు తిప్పుకుంది. అంతలోనే కళ్ళు తమ పని తాము చేసుకుపోయాయి. బల్ల మీద మడతపెట్టిన జాకెట్లు, వాటి పక్కన నిలబెట్టిన ఇస్త్రీపెట్టె.

“ఇదీ ఇక్కడే పెడుతున్నారా?”

“ముడతలతో ఇస్తే ఎవరు తీసుకుంటారు? కరెంటు పోయినా ఈ గదిలో ఆగదని ఆర్డర్లు ఒప్పుకుంటున్నా.”

“బ్యాటరీ నాదని తెలిసే?”

పెద్దకోడలు టేపు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. “లైటు వరకు నీదేనని తెలుసు. మిగతావి... అంతదూరం ఆలోచించలేదు.”

ఆలోచించలేదా, ఆలోచించే పెట్టిందా? చిన్నకోడలు ఆ ముఖాన్ని ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది. నిజం చెప్పేవాళ్ళూ అలాగే నేల చూస్తారు, అబద్ధం చెప్పేవాళ్ళూ అలాగే చూస్తారు.

“ఇస్త్రీపెట్టె మీ లైనులో పెట్టుకోండి. ఇది ఉన్నంతకాలం బ్యాటరీ బతకదు,” అంది చివరికి. “కుట్టుమిషన్ మోటారూ అంతే. లైటూ ఫ్యానూ ఉండనివ్వండి.”

“అక్కర్లేదు, అన్నీ పీకెయ్యి.”

“ఉండనివ్వమన్నానా!” కోపంగానే అంది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి అటువైపు మీటరు నుంచి వేరే ప్లగ్గు పెట్టాడు. అతను పని చేస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడింది. ఏ తీగ ఎటు పోతోందో వేలు పెట్టి చూపించమంది. ఆరోజు నుంచి కరెంటు పోతే ఇన్వర్టర్ వంట, భోజనాలు, అంట్లు అన్నీ అయ్యేదాకా నిలబడుతోంది.

కొన్నాళ్ళకు అటునుంచి దిండు గలీబులు రెండు వచ్చాయి, కొత్తగా కుట్టినవి. ఆమె వాటిని తిరగేసి, కుట్లు లాగి, వెలుతురుకు ఎత్తి చూసింది.

“ఇందులో ఏం కనిపెట్టావు?” అన్నాడు భర్త.

“ప్రేమతో పంపిందో, నోరు మూయించడానికి పంపిందో తెలియట్లేదండీ.” దిండు దగ్గరికి లాక్కుంది. “కుట్టు మాత్రం గట్టిగానే ఉంది.”

తొడిగింది.