తప్పుల బోర్డు కింద

ఒక అంగడి మంచిదో చెడ్డదో తెలుసుకోవడానికి చారులత లోపలికి పోవలసిన పని లేదు. వీధిలో నిలబడి బోర్డు చదివితే చాలు. కోయంబత్తూరులో ఒక అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం ఆమెది. తమిళమైనా ఇంగ్లీషైనా ఒక్క కామా పక్కకు జరిగిందంటే కంట్లో నలుసు పడ్డట్టే. రాసిన నాలుగు మాటలు సరిచూసుకోనివాడు సరుకు మాత్రం ఏం చూస్తాడని ఆమె వాదం. బోర్డు తప్పుగా ఉన్న బేకరీలో కేకు కొనదు. మెనూలో స్పెల్లింగు తప్పిన హోటల్లో మంచినీళ్లు కూడా ముట్టదు. ఆమె భర్త వెంకటేశన్‌కు ఇష్టమైన టీకొట్టు బోర్డు ఒట్టి తప్పుల తడక కావడంతో, పాపం, పెళ్లయినప్పటి నుంచీ అక్కడ దొంగచాటుగానే టీ తాగుతున్నాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగును మాత్రం ఆమె దిద్దలేదు, ఎందుకంటే చదవడం రాయడం రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. కానీ ఆ తెలుగువల్ల ఒక సౌకర్యం ఉంది. బజారులో గుట్టుగా మాట్లాడుకోవాలంటే తమిళం వదిలేసి తెలుగులోకి దూకితే సరి. చీర బాగాలేదని, ధర ఎక్కువని, అమ్మేవాడు మోసగాడని అతని మొహం మీదే చెప్పుకోవచ్చు. ఆ వంశంలో తరతరాలుగా అందరికీ అలవాటైన విద్య అది.

ఆ రోజు మదురైలో ఆమె తమ్ముడు సతీషు కూతురు ఇందుజకు నిశ్చితార్థం. అందరూ పొద్దున్నే వ్యానులో వెళ్లిపోయారు. తండ్రి పెరుమాళ్సామికి ఏసీ వ్యాను ఎక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆయన్ని బస్సులో తీసుకువచ్చే బాధ్యత చారులత మీద పడింది. ఆయన లేనిదే తాంబూలం మారదు. మిగతా తంతు అంతా తమిళంలో నడిచినా, పిల్లను ఇస్తున్నామన్న ఒక్క మాట మాత్రం ఇంటి పెద్ద తెలుగులో, పందిట్లో అందరికీ వినబడేలా అనాలి. ముత్తాతల నాటి కట్టు అది. ఇందుజ రోజూ ఫోను చేసి తాత చేత ఆ మాట అనిపించుకుని మురిసిపోయేది.

అలాంటి తాత దారిలో బస్సు ఆగినచోట వేరుశనగ మిఠాయి కొనుక్కున్నాడు. "వద్దు నైనా, గట్టిగా ఉంటాది" అని చారులత అంటూనే ఉంది. టక్కుమన్నది. పై కట్టుడు పండ్ల సెట్టు రెండు ముక్కలై ఆయన చేతిలోకి వచ్చింది.

"ఈ నోరు పెట్టుకుని నేను పందిట్లో మాట్లాడను. సతీషునే చెప్పమను" అని ఆయన నమిలినట్టుగా అని, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక ఉలకడు, పలకడు. పెద్దవాడు బతికుండగా కొడుకు ఆ మాట అనడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. చిన్నబోయిన ఇందుజ మొహం చూడటం చారులత వల్ల కాదు.

మదురైలో దిగగానే మగపెళ్లివారి ఇల్లున్న మాట్టుతావణి వైపు ఆటోలో పోతూ ఆమె పంటి వైద్యుల బోర్డులు వెతికింది. ఒకటి కనబడింది, ఎంత చక్కటి బోర్డు! కామాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆశగా లోపలికి వెళ్తే, ఏసీ గదిలో కూర్చున్న అమ్మాయి విరిగిన సెట్టును కాగితం మీద పెట్టి చూసి, ఎల్లుండి రమ్మంది. నిశ్చితార్థం ఆ సాయంత్రమే. చివరికి ఆటో అతనే, కూరగాయల మార్కెట్టు వెనక సందులో పండ్ల సెట్లు చేసే అళగర్‌సామి అనే అతను ఉన్నాడని తీసుకుపోయి దించాడు.

బోర్డు చూసేసరికి చారులతకు ఒళ్లు మండింది. తమిళ అక్షరాల నెత్తిన ఉండాల్సిన చుక్కలు సగం లేవు. ఆ లేని చుక్కలన్నీ దిగివచ్చి కింది ఇంగ్లీషు వరుసలో మాట మాటకూ ఫుల్‌స్టాపులై కూర్చున్నాయి. పైగా 'నాణ్యమైన' అన్న మాటకు అటూ ఇటూ కొటేషన్లు, రాసినవాడికే నమ్మకం లేనట్టు. కానీ వేరే దారి లేదు.

లోపల అళగర్‌సామి, నడివయసు మనిషి, ముక్కలు రెండూ ఆనించి వెలుతురుకు పట్టి చూశాడు. "ఉక్కారుంగమ్మా. ఒరు మణి నేరం ఆగుం" అన్నాడు. కూర్చోమన్నాడు, గంటలో అవుతుందట. చారులత బయటికి వెళ్లి, ఇంట్లోవాళ్లకు చూపించి నవ్వించడానికి బోర్డు ఫొటో తీసుకుంది. తిరిగి వచ్చి తండ్రి పక్కన కూర్చుని తెలుగులోకి దూకింది.

"నైనా, బోర్డే నేరుగా రాసుకోలేనోడు నీ పండ్లు ఏం అతికిస్తాడు? పై పండ్లు కిందికి, కింద పండ్లు పైకి పెట్టేస్తాడేమో."

పెరుమాళ్సామి ఆమె కొంగు పట్టి లాగాడు. వద్దన్నట్టు తల ఊపాడు. కాసేపటికి అళగర్‌సామి అతికిన సెట్టును రుద్దడం మొదలుపెట్టాడు.

"భయపడొద్దులే నైనా. నేను చూస్తానే ఉండాను. ఈని మూతి చూడు, ఎట్లా బిగబట్టుకుని ఉండాడో. పనే తెలీదేమో, చూసి చూసి రుద్దతా ఉండాడు."

ఆయన తన చెవి పట్టుకుని చూపించాడు. తర్వాత అళగర్‌సామి చెవి వైపు వేలు చూపించాడు. కండువా తీసి ఒక్క మాట అంటే పోయేది, కానీ పరాయివాళ్ల ముందు బోసినోరు తెరవడం ఆయనకు చావుతో సమానం.

"చెవి కూడా నొస్తాదా? అయ్యో, పండు విరిగితే నరం లాగుతాది నైనా. ఈనికి చెప్పొద్దు, చెవిని కూడా గట్టిగా రుద్దేస్తాడు."

అళగర్‌సామి భుజాలు కదిలాయి. సెట్టును నీళ్లలో ముంచి, తుడిచి, అరచేతిలో పెట్టుకుని ముందుకు వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"నోరు తెరువు తాతా" అన్నాడు, శుద్ధమైన తెలుగులో. "పై పండ్లు పైననే పెడతాను, భయపడొద్దు."

చారులత చటుక్కున లేచి నిలబడింది. "మీరు... మీది..."

"మాది చిన్నమనూరు అమ్మా. ఇంట్లో తెలుగే. ఇందాక మీరు బయట పోయినప్పుడు మేడ మీంచి నా భార్య బువ్వకు పిలిస్తే, వస్తానని చెప్తిని. తాత విన్నారు."

అప్పుడు తెలిసింది ఆమెకు ఆ కొంగు లాగడం, ఆ చెవి చూపడం అంతా ఎందుకో. సెట్టు ఇంకా అతని చేతిలోనే ఉంది. కోపంతో పని ఆపేస్తే? బయటికి పొమ్మంటే? "అన్నా, తప్పయిపోయింది. నన్ను ఎన్నైనా తిట్టండి. పెళ్లి మాట ఈయన నోటితో రావల్ల, ఆ పండ్లు మాత్రం పెట్టేయండి" అని చేతులు జోడించింది.

అళగర్‌సామి ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. "తిట్టేది ఎందుకమ్మా? బోర్డు రాసింది మా బామ్మర్ది. దాన్ని చూసినప్పుడంతా నాకు కడుపు మండుతాది, ఒక మాట అంటే ఇంట్లో బువ్వ పుట్టదు. మీరు ఇంకా నాలుగు అంటారేమోనని మెల్లగా రుద్దతా ఉంటిని."

చారులత కుర్చీలో కూలబడింది. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెంటిలో ఏది ముందో ఆమెకే తెలియలేదు. ఈలోగా పెరుమాళ్సామి కండువా తీసి, నోరు తెరిచి, సెట్టు సర్దుకుని దవడలు రెండుసార్లు ఆడించాడు.

"పండ్లు బాగా కుదిరినాయప్పా" అన్నాడు ఖణేలుమని. "ఇదే చేత్తో మా బిడ్డ నోటికి కూడా ఏమైనా చెయ్యడానికి అవుతాదా, చూడు."

సాయంత్రం తాంబూలం పళ్లెం చేతికి రాగానే పెరుమాళ్సామి లేచి నిలబడ్డాడు. ఇందుజ తాత నోటి వైపే చూస్తోంది. వెనక వరసలో చారులత పిడికిళ్లు బిగించి, తెలియకుండానే ప్రూఫు దిద్దేటప్పటిలా మెడ ముందుకు సాచింది.

"మా బిడ్డ ఇందుజను మీ ఇంటికి ఇస్తుండాం" అన్నాడు ఆయన. పందిరి చివర వంటవాళ్లు కూడా తలెత్తి చూశారు. ఇందుజ నవ్వేసింది. చారులత ఆ మాటను మనసులో మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఒకసారి విని, దిద్దడానికి ఏమీ కనబడక, కొంగుతో కళ్లు తుడుచుకుంది.