నాలుగుతో మొదలయ్యే స్కేలు

మా షాపులో అట్టపెట్టెలు చేస్తాం. అట్ట కోసే ప్రెస్సు ఒకటుంది. దానికి రెండు బటన్లు, మూరెడు ఎడంగా. రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీదుంటే కత్తి కింద ఏదీ ఉండదు. మిషన్ చేసినవాడు తెలివైనవాడే. కాకపోతే వాడు పెట్టెలమ్మి బతకలేదు.

ఒక బటన్‌ను చెక్కముక్కతో బిగించేస్తే, కుడిచేత్తో రెండోది నొక్కుతూ ఎడమచేత్తో అట్ట అందించవచ్చు. గంటకు నూట ఎనభై కోతలు కాస్తా రెండు వందల అరవై అవుతాయి. కోత మేస్త్రి మొదట నసిగాడు.

"ఎందుకు సార్, నాకున్నవే రెండు చేతులు" అన్నాడు.

జోకేశాడనుకున్నాను. నా బల్ల మీది చెక్క స్కేలు మొదట్లో మూడంగుళాలు కోసి, ముక్కను చాకుతో సన్నగా చెక్కి, నేనే బటన్‌లో దూర్చాను. మూడేళ్ళు అది కదల్లేదు. తలుపు గడియ గురించి ఎవరు మాట్లాడతారు? దాని గురించీ ఎవరూ మాట్లాడలేదు.

మంగళవారం పదకొండు గంటలకు మేస్త్రి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. అరవలేదు. స్విచ్చి తనే ఆపి, "ఈ అట్ట పనికిరాదు, పక్కన పడెయ్యండి" అన్నాడట.

ఆస్పత్రికి నా బావమరిది వెళ్ళాడు. షాపులో పైపనులు చూసేది అతనే. పెళ్ళి సంబంధం కుదుర్చుకొచ్చినవాడిలా తిరిగొచ్చాడు. ముక్క తనే పెట్టుకున్నానని మేస్త్రి చెబుతాడట. అలా చెబితే అతనికి పరిహారం రాదు, మనకు కేసు రాదు. బదులుగా ఒక్కటే అడిగాడట, పనిలోంచి తీసెయ్యొద్దని.

"వాడంతట వాడే అన్నాడు బావా. నేను అడగను కూడా లేదు."

బేరంలో అవతలివాడు అడక్కుండానే ధర తగ్గిస్తే సరుకు ఇంకోసారి చూసుకోవాలి. ఇది మా నాన్న నేర్పిన పాఠం. ఆ రోజు మాత్రం నేను చూసుకోలేదు.

మర్నాడు మేస్త్రి భార్య వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"వేళ్ళు ఎలాగూ పోయాయి, తప్పు కూడా నెత్తినేసుకుంటే పనైనా మిగులుతుందంటున్నాడు. మిగులుతుందా అన్నా?"

చూద్దాం అన్నాను. ముప్పై ఏళ్ళుగా కొట్లో ఆ మాట ఎవరికి చెబుతానో నాకు తెలుసు. సరుకు ఇవ్వదలచుకోని వాళ్ళకు చెబుతాను. ఆవిడకూ తెలిసినట్టే ఉంది. సరేనని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. చెక్కముక్కను ప్లాస్టిక్ సంచిలో వేసి నా బల్ల మీద పెట్టుకున్నాడు. కట్టుకట్టిన చేత్తో మేస్త్రి ఎదుట కూర్చుని, ఒప్పుకున్నట్టే చెప్పాడు. పెట్టింది తనే, యజమానికి తెలియదు. బావమరిది తలూపుతూ విన్నాడు. మిగతా నలుగురు పనివాళ్ళు కిటికీ అవతల నిలబడి విన్నారు. ఆ ముక్క ఎవరు చెక్కారో ఆ నలుగురికీ తెలుసు. అబద్ధం ఒక్కటి, మొయ్యాల్సినవాళ్ళం ఎనిమిది మందిమి, మేస్త్రి భార్యతో కలిపి. పైగా అది ఏటేటా మొయ్యాలి. రేపు వీళ్ళలో ఎవరు ఆ ప్రెస్సు ముందు నిలబడతారు?

ఇన్‌స్పెక్టరు రాయడం ముగించి, సంతకం కింద గీత గియ్యడానికి స్కేలు అడిగాడు.

సొరుగులో ప్లాస్టిక్‌ది ఉంది. పెన్నుల డబ్బాలో చెక్కది ఉంది. బావమరిది సొరుగు లాగబోయాడు. నేను డబ్బాలోది అందించాను.

ఆయన స్కేలును కాగితం మీద పెట్టి, అంకెలు చూసి ఆగాడు. అది నాలుగుతో మొదలవుతుంది. సంచిలో ముక్కను దగ్గరికి జరిపాడు. నూనెకు నల్లబడినా దాని మీద ఒకటి, రెండు, మూడు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఇది ఎవరు కోశారు?"

"నేనే. దూర్చిందీ నేనే. అతను వద్దన్నాడు."

మేస్త్రి నా వైపు చూడలేదు. "కాగితం మార్చాలా సార్?" అని మాత్రం ఇన్‌స్పెక్టరును అడిగాడు.

నాకు జరిమానా పడింది. మేస్త్రికి పరిహారం వచ్చింది. బావమరిది రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ షాపు సాఫీగా నడిచింది. ప్రెస్సు మళ్ళీ నూట ఎనభై దగ్గరికొచ్చింది.

మేస్త్రి ఇప్పుడు కొలతలు సరిచూసే పనిలో ఉన్నాడు. చేరిన రోజే ఫిర్యాదుతో వచ్చాడు.

"కొత్త స్కేలు కొనండి సార్. దీంతో కొలిస్తే ప్రతి పెట్టే మూడంగుళాలు ఎక్కువొస్తోంది."

కొనలేదు. మూడు తీసేసి చదువుకొమ్మన్నాను. ఇద్దరం అలాగే చదువుకుంటున్నాం.