బంతాట మైదానంలో పందిరి గుంజ

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు సంగతి. మా అబ్బాయి లక్ష్మణ్‌రావు కరీంనగర్‌లో కాలేజీ చివరి ఏడు చదువుతూ ఫుట్‌బాల్ టీములో గోలు కాసేవాడు. నాకు ఆ ఆట ఏం తెలుసు? బంతి మా వాడి చేతికి వస్తే మంచిది, వాడి వెనక వలలో పడితే చెడ్డది, అంతే. అయినా ఆ చలికాలమంతా మా ఇల్లు ఆ ఆట చుట్టే తిరిగింది. వాడు తెల్లారకముందే లేచి పోయేవాడు, మోచేతులు దోక్కుపోయి వచ్చేవాడు. నేను పసుపూ కొబ్బరినూనే కలిపి రాస్తూ తిట్టేదాన్ని. జగిత్యాల వాళ్లను గెలిచారు. నిజామాబాదు వాళ్లను వాళ్ల ఊళ్లోనే గెలిచారు. వరంగల్ వాళ్లనూ గెలిచారు. యూనివర్సిటీ పోటీల్లో మా కాలేజీ ఫైనలు దాకా రావడం అదే మొదలు. ఆదిలాబాద్ పిల్లలతో ఆట, అదీ మన మైదానంలోనే. డ్రిల్లు సారు దేవదాస్ ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చి, చెప్పే సంబరంలో చాయ తాగడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా బావగారు జలపతిరావు తన బిడ్డ ప్రమోదిని పెళ్లి పెట్టుకున్నాడు. మా ఇంటాయనకు సొంత అన్న. కాలేజీ కమిటీలో పెద్దమనిషి. పెళ్లి ఆ మైదానంలోనే చేస్తానన్నాడు, ప్రిన్సిపాలు తలూపాడు. సరే, చేసుకోనీ. పెళ్లి కాగానే డేరాలు తీసేస్తారు, ఆటకు ఇంకా వారం ఉంటుంది కదా అని దేవదాస్ సారు ఊరుకున్నాడు. ఆయన క్రైస్తవుడు, మా పెళ్లిళ్ల పద్ధతి ఆయనకు తెలియదు.

పందిరి వేసేటప్పుడు మొదటి గుంజకు పసుపు రాసి, నవధాన్యాల మూట కట్టి, ముత్తయిదువలం పూజ చేసి పాతుతాం. పదహారు రోజుల పండుగ అయ్యేదాకా దాన్ని కదిలించరు. ఎవరింట్లోనైనా అది వాకిట్లో ఉంటుంది. మా బావ మాత్రం ఆ ఏడే వాకిట్లో షాబాదు బండలు పరిపించాడు. అద్దంలా మెరిసేవి. వాటిని లేపడానికి మనసొప్పలేదు. గుంజను మైదానంలో, గోలుకు ఎదురుగా పాతించాడు. తన బండ లేవకూడదు, పిల్లల మైదానంలో గుంత పడొచ్చు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

పెళ్లయింది. డేరాలు తీసేశారు, విస్తళ్లు ఎత్తేశారు. గుంజ మాత్రం వాడిన మామిడాకులతో అక్కడే ఉంది. మైదానం చూసిపోవడానికి యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చాడు. ఆట రోజుకు అది అక్కడ ఉంటే ఆట లేదు, కప్పు ఆదిలాబాద్ వాళ్లదే అని చెప్పి బస్సెక్కాడు. దేవదాస్ సారు బతిమిలాడడానికి పోతే, మా బావ ఆయన్ను వాకిలి బయటే నిలబెట్టి, పండుగ దాకా చేయి పెట్టేది లేదన్నాడట. మా ఇంటాయన అన్న ఎదుట నోరెత్తడు. లక్ష్మణ్ కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచిపోతున్నాడు. ఇక నేనే బయల్దేరాను. మా ఇళ్లలో బావగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు కొంగు సర్దుకుని ఎదురుగానే నిలబడ్డాను.

“బావగారు, పోరగాండ్లు ఏడాదంత కష్టపడ్డరు. గుంజకు పూజ జేసి మన వాకిట్లకు తెచ్చుకుందం,” అన్నాను.

ఆయన నన్ను చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు. “నా బిడ్డ కాపురం కన్న గీ బంతాట ఎక్కువైందా? రేపు దానికేమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?”

“బిడ్డ మీద గంత ఫికర్ ఉన్నోళ్లు గుంజను ఇంట్లనే పాతాలె గద. బిడ్డ కన్న బండలు ఎక్కువైనయా?”

ఆయన లేచి లోపలికి పోయాడు. పుట్టింటికి వచ్చి ఉన్న ప్రమోదిని వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది.

మర్నాడు మా బావ చొప్పదండిలో పొలం చూడడానికి పోయాడు. ఆయన బస్సు కదిలిందో లేదో, ప్రమోదిని పసుపు కుంకుమల పళ్లెంతో మా ఇంటికి వచ్చింది. వెనక ఆమె తల్లి సీతాబాయి, చేతిలో కొబ్బరికాయ.

“చిన్నమ్మా, గా గుంజ నా పేరు మీదనే గద పాతిండ్రు. ఇంట్ల ఉంటే నాకు ఇంక మంచిది. నడువు,” అంది ప్రమోదిని.

నేను సీతాబాయి ముఖం చూశాను.

“పసుపు రాసింది మనం, పాతింది మనం. తీసేది గూడ మనమే. దాంట్ల ఆయనకేం పని?” అంది ఆమె.

మైదానానికి పోయి కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, గుంజను తీయించాం. టీము పిల్లలు దాన్ని భుజాల మీద పెట్టుకుని బజారు మీదుగా బావగారింటికి మోసుకొచ్చారు. లక్ష్మణ్ గడ్డపారతో వాకిట్లో బండ లేపబోతే అది రెండు ముక్కలైంది. వాడు భయపడి ఆగాడు. సీతాబాయి పక్క బండ చూపించి, అది కూడా లేపమంది. మళ్లీ పూజ చేసి గుంజను అక్కడ పాతాం. మైదానంలో గుంతను పిల్లలు మొరం మట్టితో నింపి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టారు.

సాయంత్రం మా బావ వచ్చి చూశాడు. ఏం చేస్తాడు? పండుగ దాకా గుంజను కదిలించొద్దని ఊరంతా చాటింది ఆయనే.

ఆట జరిగింది. మా పిల్లలు ఓడిపోయారు. ఆదిలాబాద్ పిల్లలు జింకల్లా ఉరికారు. సగం ఆట తర్వాత ఒకడు దూరం నుంచి తన్నిన బంతి లక్ష్మణ్ వేళ్లకు తగిలి కూడా లోపలికి పోయింది. గుంజ ఉన్న వైపు కూడా కాదు, అవతలి గోలులో. వాడు కాసేపు నేల మీదే కూర్చున్నాడు. నాకు బాధైంది గానీ కోపం రాలేదు. ఆటన్నాక ఒకరు ఓడాలి.

కోపం వచ్చింది పదహారు రోజుల పండుగ నాడు. బంధువులంతా వాకిట్లో భోజనాలకు కూర్చున్నారు. మా బావ విస్తరి ముందు కూర్చుని, అందరికీ వినపడేట్టు అన్నాడు. “గుంజ పీకిండ్రు, ఓడిండ్రు. గట్లనే అయితది.”

నీళ్లు పోస్తున్న లక్ష్మణ్ ఆగాడు.

“పెద్దబాపు, వాళ్లు మాకన్న మంచిగ ఆడిండ్రు, గెలిచిండ్రు. మేం ఆడి ఓడినం. మీరైతే ఆడకముందే ఓడగొడుతుంటిరి.”

వాడు పెద్దనాన్న గ్లాసు కూడా నింపి ముందుకు పోయాడు. నా బిడ్డది పెద్ద మనసు. నాది కాదు. మా బావ పరమాన్నం మళ్లీ అడిగాడు. గిన్నె నిండా ఉన్నా, వినపడనట్టు నేను పక్క విస్తరికి పోయాను.