ఉప్పు మరిచిన ఈస్టరు

నేను ఒక ఇత్తడి డేగిసాను. కంచరి సుత్తి దెబ్బలు తిని పుట్టాను, లోపల కళాయి పూయించుకున్నాను, బాపట్లలో కరుణమ్మగారింటికి కాపురానికొచ్చాను. ఆ ఇంట్లో నా ఉద్యోగం మాంసం వండటం. అందుకే ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ నన్ను చింతపండుతో తోమి అటక మీద బోర్లిస్తారు. ఉపవాసం మనుషులది, శిక్ష నాది!

కరుణమ్మ పోయేముందు నన్ను కోడలు దయామణి చేతిలో పెట్టింది. కూతురు జ్ఞానసుందరికి ఒళ్లు మండింది. "మా అమ్మ డేగిసా పరాయింటి పిల్లకా!" అని, ఇక ఆ వంటింటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఆమె ఉండేది పక్క వీధిలోనే. నన్ను మించిన డేగిసాలు బజార్లో బోలెడున్నాయి. అయినా అక్కాతమ్ముళ్లకు మాటలు ఆగిపోయాయి. గర్వపడాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు.

కిందటేడు గుడ్ ఫ్రైడే ఆరాధనలో క్షమాపణ మీద ప్రసంగం విని జ్ఞానసుందరి కాస్త మెత్తబడింది. దయామణి భర్త తిమోతి గుడి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"దయా! అక్క ఈస్టరు టిఫినుకి వస్తానంది! వసారాలో కూర్చుని తింటదంట, వంటింట్లోకి మాత్రం రాదంట."

"రానీయండి, వస్తే చాలు!" అంది దయామణి. ఇక ఆమె కాలు నేల మీద నిలవలేదు.

పండగనాడు తెల్లవారుజామునే నన్ను పొయ్యెక్కించింది. గారెలకు పిండి రుబ్బుతూ, నాలో నాటుకోడి పులుసు పెడుతూ, "ఈ కూర కుదిరేటట్టు చెయ్యి తండ్రీ, వదిన మళ్లీ మా మనిషవ్వాలి" అని పొయ్యి ముందే ప్రార్థించింది. అల్లం, కారం, ధనియాలు, గసగసాలు అన్నీ వేసింది. ఆ హడావుడిలో ఉప్పు మరిచింది!

నేను కుతకుతమని గోల పెట్టాను. వినేదెవరు? ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసేదే. కానీ ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదాకా ఏదీ నోట పెట్టకూడదని కరుణమ్మ నియమం. దయామణి అలవాటుగా గరిటె నోటిదాకా తెచ్చి, నాలుక్కరుచుకుని దించేసింది. తెల్లచీర కట్టుకుని సమాధుల తోటలో జరిగే ఈస్టరు వేకువ ఆరాధనకు వెళ్లిపోయింది.

ఎండ పడేసరికి ఇల్లు నిండింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ గారె ముక్క పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నారు. "బ్రహ్మాండం!" అన్నాడు తిమోతి, మింగలేక మింగుతూ. పాస్టరుగారు "స్తోత్రం" అని వట్టి గారెల మీద పడ్డారు. అప్పుడు రుచి చూసిన దయామణికి కన్నీళ్లొక్కటే తక్కువ.

జ్ఞానసుందరి ప్లేటు కింద పెట్టి లేచింది. అయిపోయింది, వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె చెంగు బొడ్లో దోపుకుని సరాసరి వంటింట్లోకి వచ్చింది!

"ఉప్పు జాడీ ఏదే దయా? వేణ్ణీళ్లు పెట్టు. ఎందుకా మొహం? మా అమ్మా ఓ ఈస్టరుకి ఇట్టాగే మర్చిపోయింది. రుచి చూడకుండా వండితే ఇంతేగా మరి!"

ఉప్పు కరిగించి పోసి గరిటె తిప్పింది. అచ్చం కరుణమ్మ చెయ్యే. చిన్నప్పుడు తను కింద పడేసినప్పుడు నాకు పడిన సొట్టను వేలితో తడిమింది. ఒళ్లంతా పొంగిపోయాను.

గిన్నెలు ఖాళీ అయ్యాక దయామణి నన్ను తోమి తెచ్చింది. "వదినా, మీ అమ్మగారిది. తీసుకెళ్లండి."

"ఈ బరువు నాకెందుకే? నువ్వే వండు. ఉప్పు వెయ్యడానికి నేనొస్తాగా!"

ఈ యేడు మళ్లీ ఈస్టరు తెల్లవారింది. అటక దిగి పొయ్యెక్కాను. పులుసు ఉడుకుతుండగా దయామణి గుప్పెట్లో ఉప్పుతో నా మీదికి వంగింది. కాసేపు ఆలోచించి, తనలో తాను నవ్వుకుని, ఆ ఉప్పును మళ్లీ జాడీలో పోసేసింది.

ఈసారి నేను గోల పెట్టలేదు.